వేలు, స్వరం, యంత్రం: కంప్యూటర్ సంగీతానికి కొత్త చేతిపరికరాలు

మానవుడు కల్పించిన ప్రతి వాద్యంలోను రెండు భాగాలు కలవు. ఒకటి ధ్వనిని పుట్టించే భాగం. రెండవది మనిషి చేయి తాకే భాగం. వీణలో ఈ రెండింటికీ భేదం లేదు. ఏ తీగ ధ్వనిస్తున్నదో ఆ తీగనే వేలు తాకుతుంది. వేణువులో ఏ రంధ్రం నుండి గాలి వెలువడుతున్నదో ఆ రంధ్రాన్నే వేలు మూస్తుంది. హార్మోనియంలో ఈ రెండు భాగాల మధ్య కొంత ఎడం ఏర్పడింది. వేలు తాకేది చెక్కమెట్టును. ధ్వనించేది లోపలి ఇత్తడి రీడు. ఇక కంప్యూటరు వచ్చేసరికి ఆ ఎడం పూర్తి అయినది. ధ్వనిని పుట్టించేది గణితం. దానికి తీగ లేదు, తోలు లేదు, గాలి లేదు. కనుక చేయి తాకవలసిన భాగం ఏ ఆకారంలోనైనా ఉండవచ్చు. అది మెట్ల వరుస కావచ్చు, రబ్బరు పలక కావచ్చు, చేతికి తొడిగే తొడుగు కావచ్చు, గాలిలో కదిలే కర్ర కావచ్చు.

ఇట్టి తాకుడు భాగాన్నే సాంకేతిక శాస్త్రజ్ఞులు కంట్రోలరు అంటున్నారు. ఈ వ్యాసంలో మేము దానిని 'చేతిపరికరం' అని వ్యవహరిస్తాము. దానికి సొంతగొంతు లేదు. అది మీటినా, ఊదినా, నొక్కినా తనంతట తాను పలకదు. మనిషి చేసిన కదలికను కొలిచి, ఆ కొలతలను కంప్యూటరుకు చేరవేయడమే దాని పని. ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన చిన్న విషయమని పాఠకులు భావించవచ్చును. కాని ఏ కదలికను కొలవాలో, దేనిని విడిచిపెట్టాలో నిర్ణయించేవాడు ఏ సంగీతం ఆ యంత్రంలో బ్రతకాలో కూడ నిర్ణయిస్తున్నాడు. మన గమకాలకు, మీండ్‌లకు, ఖవ్వాలీ ఆలాపనలోని జారుడులకు ఈ కొత్త యంత్రాలలో చోటు కలదా లేదా అనేది ఈ చిన్న నిర్ణయం మీదనే ఆధారపడి ఉన్నది.

యంత్రసంగీతం నిన్నటిది కాదు

యంత్రంచేత సంగీతం పలికించవలెననే కోరిక ఆధునికులది మాత్రమే కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో బనూ మూసా అని ప్రసిద్ధులైన ముగ్గురు సోదరులు నీటి ఒత్తిడితో తనంతట తాను పలికే వేణుయంత్రాన్ని వర్ణించినారు. తిరిగే స్తంభం మీద అమర్చిన మేకులు వేణురంధ్రాలను తెరుస్తూ మూస్తూ ఉంటవి. మేకుల అమరికయే రాగానికి ఆదేశం. నేటి పరిభాషలో చెప్పవలెనంటే అది ఒక ప్రోగ్రాము. 1206లో అల్ జజరీ రచించిన యంత్రగ్రంథంలో పడవలో కూర్చుని వాయించే బొమ్మ గాయకబృందం కనబడుతుంది. సంగీత విషయమై మన పండితులలో భిన్నాభిప్రాయాలున్నవి. ఆ చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. అయితే ధ్వనిని, సంఖ్యను, యంత్రాన్ని కలిపి ఆలోచించిన మేధాసంపద మన వారసత్వంలో ఒక భాగమని విద్యార్థులు గుర్తించడం అవసరం.

విద్యుత్తు వచ్చిన తరువాత ఈ అన్వేషణ కొత్త మలుపు తిరిగినది. 1920 ప్రాంతంలో రష్యా దేశపు లియోన్ థెరెమిన్ కనుగొన్న వాద్యాన్ని తాకనవసరమే లేదు. రెండు లోహపు కడ్డీలకు దగ్గరగా దూరంగా చేతులు కదిలిస్తే ఒక చేయి స్థాయిని, మరొక చేయి ధ్వని తీవ్రతను మార్చుతుంది. 1928లో ఫ్రాన్సుకు చెందిన మారిస్ మార్తెనో తన వాద్యాన్ని ప్రదర్శించినాడు. అందులో వాదకుడు వేలికి ఉంగరం తొడుగుకొని ఒక రిబ్బను వెంట జరుపుతాడు. ఆశ్చర్యకరమైన సంగతి ఏమనగా ఈ తొలి విద్యుద్వాద్యాలు రెండూ జారుస్వరానికి అనుకూలమైనవే. మెట్ల నిర్బంధం విద్యుత్తు వలన వచ్చినది కాదు. అది తరువాత సౌలభ్యం కోసం తెచ్చిపెట్టుకొన్నది.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ 1957లో కంప్యూటరుచేత సంగీతం పలికించే ప్రోగ్రామును వ్రాసినాడు. ఆ రోజులలో కొన్ని క్షణాల సంగీతానికి యంత్రం ఎంతోసేపు లెక్కలు కట్టవలసి వచ్చేది. వాయించడం అనే మాటకే అక్కడ తావు లేదు. కాలక్రమాన వేగం పెరిగినది. మాథ్యూసే తరువాతి కాలంలో రెండు కర్రలను పలకపై గాలిలో కదిలించి కంప్యూటరు సంగీతాన్ని నడిపే పరికరాన్ని రూపొందించినాడు. లెక్క వేసే యంత్రానికి చేయి అవసరమని లెక్క కనిపెట్టినవాడే గ్రహించినాడన్నమాట.

మిడి అనే ఉమ్మడి భాష

1983 జనవరిలో అమెరికాలో జరిగిన ఒక వాద్యపరికరాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను ఒక తీగతో కలిపి, ఒకదానిని నొక్కితే రెండవది పలికేట్లు చూపించినారు. అమెరికా ఇంజనీరు డేవ్ స్మిత్, జపాను దేశపు రోలాండ్ సంస్థ స్థాపకుడు ఇకుతారో కకెహాషీ ప్రధానంగా కృషి చేసి తెచ్చిన ఆ ఉమ్మడి భాషకు మిడి అని పేరు. నలుబది ఏండ్లు దాటినా ఆ భాష నేటికీ వాడుకలో ఉన్నది.

మిడి సందేశం చాలా పొదుపైనది. 'అరువదవ మెట్టు నొక్కబడినది, ఇంత వేగంతో నొక్కబడినది' అని ఒక వార్త. 'అరువదవ మెట్టు వదలబడినది' అని మరొక వార్త. మెట్ల సంఖ్య 0 నుండి 127 వరకు. నొక్కిన వేగం కూడ అంతే. మొదటి మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు మాత్రమే ప్రయాణించేవి. ఒక స్వరవార్తకు ఇంచుమించు ఒక మిల్లీసెకను పట్టేది. ఆనాటి యంత్రశక్తికి అది తగిన ఏర్పాటే.

కాని ఈ పొదుపులో ఒక తాత్త్వికమైన ఊహ దాగి ఉన్నది. స్వరమనగా ఒక మెట్టు. అది మొదలవుతుంది, ముగుస్తుంది. మధ్యలో చెప్పుకోదగినది ఏమీ జరుగదు. ఇది పియానో దృష్టి. పియానోలో సుత్తి తీగను కొట్టిన తరువాత వాదకునికి ఆ స్వరం మీద అధికారం దాదాపు ముగిసినట్లే. మన సంగీతంలో సంగతి వేరు. స్వరం పుట్టిన తరువాతనే దాని జీవితం మొదలవుతుంది. తోడిరాగంలోని గాంధారం ఒక చోట నిలిచి ఉండేది కాదు, ఊగుతూ ఉండేది. హిందుస్తానీ దర్బారీలోని గాంధారం కూడ మెల్లని ఆందోళనతోనే దర్బారీ గాంధారం అవుతుంది. ఆ ఊపును తీసివేసి మెట్టును మాత్రం ఉంచితే స్వరం పేరు మిగులుతుంది గాని రాగం మిగలదు.

మిడిలో ఇందుకు ఉపాయం బొత్తిగా లేకపోలేదు. కీబోర్డుకు ఎడమ ప్రక్కన ఒక చక్రం ఉంటుంది. దానిని త్రిప్పితే స్వరస్థాయి పైకి క్రిందికి వంగుతుంది. ఈ వంపుకు 16,384 అంతరాలు ఏర్పాటు చేసినారు గనుక సూక్ష్మతకు లోటు లేదు. కర్ణాటక సంగీతం వాయించే కీబోర్డు విద్వాంసులు కుడిచేత మెట్లు నొక్కుతూ ఎడమచేత ఈ చక్రాన్ని త్రిప్పి గమకాలు సాధిస్తున్నారు. అయితే రెండు ఇబ్బందులున్నవి. ఒకటి, స్వరం ఒక చేతిలోను దాని గమకం మరొక చేతిలోను ఉండడం. రెండు, ఆ చక్రం ఒక ఛానెలులోని స్వరాలన్నింటినీ ఒక్కసారే వంచుతుంది. షడ్జమాన్ని నిలిపి ఉంచి గాంధారాన్ని మాత్రం ఊపుదామంటే అది వీలుపడదు.

హార్మోనియం నేర్పిన పాఠం

ఈ సమస్య మన దేశానికి కొత్త కాదు. పారిస్ నగరంలో 1842లో అలెగ్జాండర్ డెబేన్ పేటెంటు పొందిన హార్మోనియం కాళ్ళతో తొక్కి వాయించేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని నేలపై కూర్చుని ఒక చేత తిత్తి ఊదుతూ మరొక చేత వాయించే పెట్టెగా మార్చినాడు. ఇది 1875 నాటి మాట. ఆ పెట్టె గ్రామగ్రామానికి చేరినది. నాటకశాలలో, భజన మందిరంలో, దర్గా ఆవరణలో అది లేని పాట అరుదైనది.

అయినను పండితులలో పెద్ద వివాదం చెలరేగినది. హార్మోనియం గమకం పలుకదని, దాని మెట్లు సమవిభాగ శ్రుతికి కట్టుబడినవని ఆక్షేపణ. రవీంద్రనాథ్ టాగోర్ వంటివారు దానిని నిరసించినారు. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించినది. 1971లో గాని ఆ నిషేధం పరిమితులతోనైనా సడలలేదు.

ఆక్షేపణలోని శాస్త్రవిషయాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. షడ్జమం సెకనుకు 240 కంపనాలు అనుకొందాము. తంబూరాతో సహజంగా కలిసే అంతర గాంధారం దానికి 5/4 వంతు, అనగా 300 కంపనాలు. సప్తకాన్ని పండ్రెండు సమభాగాలు చేసిన కీబోర్డులో అదే గాంధారం సుమారు 302.4 కంపనాలు. పంచమంలో తేడా అత్యల్పం: సహజ పంచమం 360, కీబోర్డు పంచమం 359.6. కాబట్టి కీబోర్డు పంచమం చెవికి ఇంపుగానే ఉంటుంది. గాంధారం మాత్రం తంబూరా ప్రక్కన కొంచెం గీరుకొన్నట్లుంటుంది.

ఇక్కడ ఒక విషయం ఆలోచించదగినది. వీణకు కూడ మెట్లున్నవి. మైనం మీద అమర్చిన ఇరువదినాలుగు మెట్లు. మెట్లుండడమే దోషమైతే వీణ కూడ గమకం పలుకరాదు గదా! వీణలో వేలు మెట్టు మీద ఆగిన తరువాత కూడ తీగను వదలదు. దానిని ప్రక్కకు లాగి పై స్వరాలను అందుకొంటుంది. హార్మోనియంలో నొక్కిన వేలు ఎంత ప్రక్కకు ఒత్తినా రీడుకు ఆ వార్త చేరదు. కాబట్టి లోపం మెట్టుది కాదు. స్వరం పుట్టిన తరువాత వేలికీ ధ్వనికీ సంబంధం తెగిపోవడమే లోపం. ఈ సూక్ష్మం గ్రహిస్తే కొత్త చేతిపరికరాల ప్రయోజనమంతా అర్థమవుతుంది.

హార్మోనియానికి న్యాయం చేయవలెనంటే మరొక మాట కూడ చెప్పాలి. దాని ఎడమచేయి తిత్తి అద్భుతమైన చేతిపరికరం. ధ్వని ఎప్పుడు ఉబ్బాలో, ఎప్పుడు తగ్గాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో ఆ చేయి అనుక్షణం నిర్ణయిస్తుంది. ఖవ్వాలీలో గాయకుని ఆవేశంతోపాటు హార్మోనియం ధ్వని పొంగడం ఈ తిత్తి చలవే. నేటి చవుక కీబోర్డులో ఆ తిత్తి కూడ లేదు.

కొత్త పరికరాలు

తెగిపోయిన ఆ సంబంధాన్ని తిరిగి కలపడానికి కొందరు చేసిన ప్రయత్నాలను చూద్దాము. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి చెందిన లిపోల్డ్ హేకెన్ 1980ల నుండి శ్రమించి కంటిన్యువమ్ అనే పలకను తయారుచేసినాడు. అది ఎర్రని మెత్తని వస్త్రం కప్పిన సమతలం. మెట్లు లేవు. వేలు ఎడమ కుడిగా జరిగితే స్వరస్థాయి మారుతుంది. ముందుకు వెనుకకు జరిగితే నాదగుణం మారుతుంది. ఎంత నొక్కితే అంత తీవ్రత పెరుగుతుంది. ప్రతి వేలినీ విడివిడిగా కొలుస్తుంది. ఏ.ఆర్. రెహమాన్ ఈ వాద్యాన్ని చేపట్టి 2009లో వచ్చిన 'ఢిల్లీ 6' చిత్రసంగీతంలో వినిపించినాడు. మీండ్ పలికే విద్యుద్వాద్యం మన దేశపు సినిమా శ్రోతల చెవికి ఆ విధంగా చేరినది.

లండనులో రోలీ అనే సంస్థ 2013లో సీబోర్డును తెచ్చినది. అది మెత్తని సిలికాన్ అలల వలె ఉండే కీబోర్డు. వేలిని మెట్టు మీదనే ఊపవచ్చు, మెట్ల మీదుగా జార్చవచ్చు. డ్రమ్ యంత్రాల నిర్మాణంలో ప్రసిద్ధుడైన రోజర్ లిన్ 2014లో లిన్‌స్ట్రుమెంట్‌ను వెలువరించినాడు. అందులో ఎనిమిది వరుసలలో 200 చిన్న గళ్ళున్నవి. వరుసకూ వరుసకూ నాలుగవ స్వరం ఎడం ఉండడంవలన తీగవాద్యం అలవడినవారికి వేళ్ళు త్వరగా కుదురుకొంటవి. ఫ్రాన్సులో తయారైన ఆస్మోస్ అనే వాద్యం పైకి మామూలు కీబోర్డు వలెనే కనబడుతుంది. కాని దాని ప్రతి మెట్టూ ప్రక్కకు కూడ కదులుతుంది. వీణ తీగను ప్రక్కకు లాగే ఊహ మెట్టులోకి ప్రవేశించినదని చెప్పవచ్చు.

ఇట్టి పరికరాలకు పాత మిడి భాష చాలలేదు. అందుచేత 2018లో ఎం.పి.ఇ. అనే పద్ధతిని ప్రమాణంగా అంగీకరించినారు. దాని కీలకం చాలా సులువైనది: ప్రతి వేలికీ వేరొక ఛానెలు ఇవ్వడం. అప్పుడు ఒక వేలి వంపు మరొక వేలి స్వరాన్ని తాకదు. షడ్జమం నిలిచి ఉండగా గాంధారాన్ని ఊపవచ్చు. 2020లో ప్రకటితమైన మిడి 2.0 మరింత సూక్ష్మమైన కొలతలకు దారి తీసినది.

భారతీయ వాద్యాలనే చేతిపరికరాలుగా మార్చిన వారు కూడ ఉన్నారు. అజయ్ కపూర్ తన సహచరులతో కలిసి 2002లో విద్యుత్ తబలాను, తరువాత విద్యుత్ సితారును రూపొందించి పరిశోధన పత్రాలు ప్రకటించినాడు. సితారు మెట్లకు, తీగకు, వాదకుని బొటనవ్రేలికి సెన్సార్లు అమర్చి, వాయించే తీరును కంప్యూటరుకు తెలియజేసే ఏర్పాటు అది. బెంగుళూరులో రాడెల్ సంస్థ స్థాపకుడు జి. రాజనారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబూరాను తయారుచేసిన సంగతి కచేరీలకు వెళ్ళేవారికి తెలిసినదే.

వేళ్ళు కదపలేనివారికి ఈ విద్య కొత్త ద్వారం తెరిచినది. బ్రిటన్‌లో వచ్చిన సౌండ్‌బీమ్ అనే పరికరం వినబడని ధ్వనితరంగాలతో శరీరపు కదలికను కొలుస్తుంది. తల కొద్దిగా త్రిప్పగలిగిన బాలుడు కూడ దానితో స్వరం పలికించగలడు. వాద్యం చేతికి తగినట్లు మారాలి గాని, చేయి వాద్యానికి తగినట్లు లేదని మనిషిని త్రోసివేయరాదు. ఈ విద్యలో మాకు అన్నింటికన్న విలువైనదిగా తోచిన సూత్రమిది.

మన తెలుగువారి ఉదాహరణ

పరాయి పరికరాన్ని మన చేతికి లొంగదీసుకోవడం తెలుగువారికి తెలియనిది కాదు. వయొలిన్ పాశ్చాత్యులది. దానిని నేలపై కూర్చుని, తలభాగాన్ని పాదం మీద ఆనించి పట్టుకోవడంతో ఎడమచేయి జారడానికి స్వేచ్ఛ లభించినది. ద్వారం వేంకటస్వామి నాయుడుగారి చేతిలో ఆ వాద్యం పూర్తిగా మనదైపోయినది.

ఇంకొక ఉదాహరణ మరింత దగ్గరిది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేపట్టిన మాండొలిన్‌కు మామూలుగా నాలుగు జతల తీగలుంటవి. జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం కష్టం. ధ్వని కూడ త్వరగా ఆరిపోతుంది. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌ను గ్రహించి, జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలు అమర్చుకొన్నాడు. ఒంటి తీగ వంగుతుంది. విద్యుత్తు వలన నాదం నిలుస్తుంది. ఈ రెండు మార్పులతో గమకం పలుకదనుకొన్న వాద్యం మీద రాగాలాపన సాధ్యమైనది. 2014లో ఆయన అకాలమరణం పాలైనా ఆ మార్పు నిలిచి ఉన్నది. సాధనతోపాటు పరికరాన్ని సంస్కరించే ధైర్యం కూడ కళాకారునికి ఉండాలనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇక మన జిల్లా సంగతి. నవీపేట్ నుండి రైలులో గోదావరి దాటగానే వీణాపాణి కొలువైన బాసర ఉన్నది. 2008లో నెలకొన్న సాంకేతిక విశ్వవిద్యాలయం కూడ అక్కడనే ఉన్నది. ఇటు బోధన్ మండలంలోని అమ్దాపూర్ 2005లో కీర్తిశేషురాలైన చిందు ఎల్లమ్మగారి ఊరు. ఆమె చిందు యక్షగానంలో పద్యం ఎత్తుకొన్నప్పుడు ప్రక్కన హార్మోనియం శ్రుతి ఇచ్చేది గాని, గొంతు మెట్ల మధ్యనే సంచరించేది. బడాపహాడ్ దర్గా వద్ద ఉర్సులో పాడే ఖవ్వాలుల గొంతూ అట్టిదే. ఈ ప్రాంతపు సంగీతంలోని అసలు సంపద హార్మోనియం మెట్లకు మధ్య ఉన్న ఖాళీలలో ఉన్నది. చెరకు గానుగలో రసం పోయి పిప్పి మిగిలినట్లు, ఆ ఖాళీలను కొలవలేని యంత్రంలో వేస్తే పాట పిప్పి అవుతుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. ఈనాటి విద్యార్థి సంగీత రచనను మొదట చూసేది చరవాణి తెరమీద. అక్కడ పండ్రెండు స్వరాలకు పండ్రెండు గళ్ళ వరుసలు. కాలానికి సమానమైన గళ్ళు. గడిలో చుక్క పెడితే స్వరం. అందులో వీణ పేరుతో ఒక ధ్వని కూడ ఉంటుంది. నొక్కితే వీణ గొంతు వినబడుతుంది, వీణ నడక మాత్రం ఉండదు. పదేపదే విన్న చెవికి అదే వీణ అనిపిస్తుంది. రేడియో హార్మోనియాన్ని నిషేధించినట్లు ఈ యంత్రాలను నిషేధించడం నేడు సాధ్యం కాదు, వాంఛనీయమూ కాదు. ఆ నిషేధం హార్మోనియాన్ని ఆపలేదు గదా! చేయదగినది ఒక్కటే: యంత్రాన్ని మన చేతికి తగినట్లు దిద్దుకోవడం.

విద్యార్థులు చేయదగిన పరికరం

పైన చెప్పిన విదేశీ వాద్యాలలో పెద్దవి వేల డాలర్ల వెల గలవి. మన విద్యార్థులకు అవి అందుబాటులో లేవు. కాని వాటి సూత్రం అందుబాటులోనే ఉన్నది. ఇటలీలో 2005లో మొదలైన ఆర్డ్వినో, 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో వంటి చిన్న పలకలు కొన్ని వందల రూపాయలకు లభిస్తున్నవి. వీటితో ఒక సులభమైన చేతిపరికరం ఎట్లు కట్టవచ్చునో సంగ్రహంగా వివరిస్తాము.

మొదట కావలసినది స్పర్శపట్టీ. వేలు ఎక్కడ ఆనినదో దానినిబట్టి విద్యుత్ పీడనం మారే సన్నని పట్టీ ఇది. రెండవది దాని క్రింద అమర్చే ఒత్తిడి సెన్సారు. మూడవది పికో వంటి పలక. పట్టీ నుండి వచ్చే విద్యుత్ పీడనాన్ని ఆ పలక 4,096 అంతరాలుగా కొలువగలదు. పట్టీ మొత్తాన్ని ఒక సప్తకానికి కేటాయించినామనుకోండి. సంగీతశాస్త్రజ్ఞులు సప్తకాన్ని 1,200 సెంట్లుగా విభజిస్తారు. 1,200ను 4,096 చేత భాగిస్తే ఒక్కొక్క అంతరం సుమారు 0.3 సెంట్లు. శిక్షణ పొందిన చెవి సాధారణంగా గుర్తించే తేడా ఐదు సెంట్ల ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి గమకానికి కావలసిన సూక్ష్మత ఈ చవుక పరికరంలోనే ఉన్నది. సెన్సారులో కలిగే చిన్న చిన్న ఒడిదుడుకులను సరాసరి తీసి సర్దుకొంటే చాలును.

పలకలో వ్రాసే ప్రోగ్రాము మూడు పనులు చేయాలి. వేలు తగలగానే స్వరం మొదలైనదని చెప్పాలి. వేలు జరుగుతున్నంతసేపు వంపు సందేశాలు పంపాలి. ఒత్తిడి మారినప్పుడెల్లా తీవ్రత సందేశం పంపాలి. యు.ఎస్.బి. తీగ ద్వారా ఆ సందేశాలు కంప్యూటరుకు చేరుతవి. అక్కడ ధ్వనిని పుట్టించడానికి ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్, సర్జ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నవి. ఎడమచేతికి పాత హార్మోనియం తిత్తిని ఉంచి, దానిలో గాలిపీడనాన్ని కొలిచే సెన్సారు పెట్టుకొంటే మరీ మంచిది. కుడిచేత వీణ జారు, ఎడమచేత హార్మోనియం ఊపిరి! రెండు సంప్రదాయాలు ఒక పెట్టెలో కలుస్తవి.

ఒక్క జాగ్రత్త అవసరం. వేలు తాకిన క్షణానికీ ధ్వని వినబడే క్షణానికీ మధ్య జాప్యం పది మిల్లీసెకన్లకు మించరాదని అనుభవజ్ఞుల మాట. గాలిలో ధ్వని ఆ వ్యవధిలో మూడున్నర మీటర్లు పోతుంది. కనుక ఆపాటి జాప్యం ఎదుటివాని వాద్యం వింటున్నట్లే ఉంటుంది. కంప్యూటరు ధ్వనిని చిన్న చిన్న మూటలుగా కట్టి పంపుతుంది. సెకనుకు 44,100 నమూనాల లెక్కన 1,024 నమూనాల మూటకు 23 మిల్లీసెకన్లు పడుతుంది. 128 నమూనాల మూటకు మూడు మిల్లీసెకన్లు చాలును. కనుక చిన్న మూటను ఎన్నుకోవాలి. తీగలేని ఇయర్‌ఫోన్లలో జాప్యం సెకనులో పదోవంతుకు చేరవచ్చు గనుక సాధన సమయంలో తీగ గల ఇయర్‌ఫోన్లే వాడాలి.

కొన్ని ఆక్షేపణలు

యంత్రం వస్తే సాధన పోతుందని కొందరు పెద్దల ఆక్షేపణ. మెట్లు గల కీబోర్డు విషయంలో ఇందులో కొంత నిజమున్నది. నొక్కిన స్వరం ఎట్లైనా శ్రుతిలోనే పలుకుతుంది. కాని మెట్లు లేని పట్టీ మీద స్వరస్థానం చూపేది ఏదీ లేదు. చెవి తప్పితే వేలు తప్పుతుంది. వయొలిన్ నేర్చినంత ఓపిక దీనికీ కావాలి. మొదటి స్పర్శను దగ్గరి స్వరానికి సర్దే సదుపాయం కొన్ని పరికరాలలో ఉన్నది. అది చంటిబిడ్డకు నడకబండి వంటిది. నడక వచ్చిన తరువాత దానిని విడిచిపెట్టాలి.

రెండవ ఆక్షేపణ మరింత గంభీరమైనది. వీణ తీగ వేలికి ఎదురు తిరుగుతుంది, కంపిస్తుంది. ఆ స్పర్శలోనే వాదకుడు నాదాన్ని గ్రహిస్తాడు. రబ్బరు పలక అట్లు బదులు పలుకదు. ఇది నిజమైన లోపమే. కొత్త పరికరాలు వీణకు ప్రత్యామ్నాయాలు కావు. అవి కంప్యూటరు అనే కొత్త వాద్యానికి చేతులు మాత్రమే.

మూడవది మన్నికను గురించినది. వీణను తాత వాయించి మనుమనికి ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పరికరం తయారుచేసిన సంస్థ నిలిచినంత కాలమే నిలుస్తుందనే భయం నిరాధారమైనది కాదు. పేరుపొందిన రోలీ సంస్థయే 2021లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళి మరల పునర్నిర్మాణం పొందవలసి వచ్చినది. ఇందుకు విరుగుడు రెండు విధాలు. బహిరంగ ప్రమాణాలను మాత్రమే వాడడం ఒకటి. మన చేతితో కట్టి, మన చేతితో బాగుచేసుకొనే నేర్పు సంపాదించడం రెండవది.

మనవి

కళాశాల కార్యవర్గ పెద్దలకు మా మనవి ఇది. సంగీతం పేరిట ఒక ఖరీదైన కీబోర్డు కొని అద్దాల బీరువాలో పెట్టడం కన్న నాలుగు చిన్న పలకలు, కొన్ని సెన్సార్లు, ఒక మంచి మైకు కొనడం మేలు. భౌతికశాస్త్ర విద్యార్థి పట్టీని కొలుస్తాడు. కంప్యూటరు విద్యార్థి ప్రోగ్రాము వ్రాస్తాడు. తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఊరూరా తిరిగి చిందు కళాకారుల పద్యాలను, ఖవ్వాలుల ఆలాపనలను వారి అనుమతితో రికార్డు చేసుకొని వస్తారు. ఆ గొంతులోని ఊపును మన పట్టీ పలికించగలిగినదా అన్నదే పరీక్ష. పలికించలేకపోతే దిద్దవలసినది పట్టీని గాని పాటను కాదు.

విద్యార్థులకు ఒక్క మాట. పరికరం వాడడం నేర్చినవాడు ఇతరుల ఊహలో నివసిస్తాడు. పరికరం కట్టడం నేర్చినవాడు తన ఊహకు ఇల్లు కట్టుకొంటాడు. మన పెద్దల గొంతులు ఇంకా వినబడుతున్న కాలంలోనే ఈ పని ఆరంభించడం మంచిది. తరువాత కొలుద్దామంటే పట్టీలు ఎన్నైనా దొరుకుతవి, కొలవవలసిన గొంతులు దొరకవు.